ఇల్లు ముట్టితేనే లెక్క

మాపటేల ఏడింటికి గాలిమర కాడ
బొలెరోలో ఎక్కించుకున్నా ఆయన్ని.
మోరిషిత అని పేరు. బక్కపలచటి మనిషి.
రెక్క చీలిన మరకు మందు వేయను
జపాన్ నుంచి వచ్చి పద్దెనిమిది దినాలు.
రోజూ లాడ్జి, రోజూ పెరుగన్నం,
రోజూ ఫోన్లో ఏందో ఆట.

లావు కట్టె పట్టుకోని ఒకడు నిలబడింటాడు,
వాని యెనకాల మందంతా బాకాలూదుతా పాడతావుంటారు.
ఒక్కో ఆటగానికి ఒక్కో పాటంట.
"మా ఊరి టీము" అన్నాడు.
"ఓడిపోతావుంది" అన్నాడు.
ఆ మాత్రం ఇంగిలీషు ఆయనకూ వచ్చు, నాకూ వచ్చు.

ఆ పొద్దు ఉరవకొండలో టెన్నిస్ బాల్ ఫైనలు.
"రా సామీ, మా కాడా ఓడిపోతారు"
అని కాలేజీ గ్రౌండుకు తిప్పినా బండి.

జనరేటరు దడదడ.
నాలుగు గుంజలకు నాలుగు లైట్లు,
లైటుకొక పుట్టెడు పురుగులు.
మొదటి బహుమానం పొట్టేలు.
కొమ్ములకు పసుపు పూసి స్కోరుబోర్డుకు కట్టేసినారు,
అది సుద్దముక్క అంకెల్ని నాకతావుంది.
"ఎనభైనాలుగు, ఎనభైనాలుగు, దాన్ని పక్కకు లాగండ్రా"
మైకులో దస్తగిరి మొత్తుకుంటాండాడు.

ఒగ్గాణి పొట్లం చేతిలో పెట్టినా.
మిరపకాయ బజ్జి కొరికి కండ్లెమ్మట నీళ్లు కారుతాంటే
బజ్జీలామెకు నడుము దాకా వంగి దండం పెట్టినాడు.
ఆమె బెదిరిపోయి ఇంకొకటి వేసింది.

ఉన్నట్టుండి అడిగినాడు:
ఉరికేటోడు కట్టెనెందుకు మోస్తాడని.
ఎనిమిదేండ్లప్పటి నుంచి ఆడతావుండా,
ఆ మాట నన్నెవురూ అడగలేదు.
"గీత ముట్టను" అంటి. ఆయనకు ఎక్కలేదు.
తమ కాడ కొట్టంగానే పారేస్తారంట,
ఖాళీ చేతుల్తో ఉరకాలంట.
యాడికి?
నాలుగు చెనక్కాయలు నేలమీద పేర్చినాడు.
ఒకటి, రెండు, మూడు అని యేలు తిప్పుకుంటా పోయి
బయల్దేరిన కాయకాడికే వచ్చి నిలిచినాడు.
"హోమ్."
"ఆడికే వచ్చేదానికి అంత ఉరుకుడెందుకు సామీ?"
నవ్వినాడు.
ఆ నాలుగో కాయనే ఒలుచుకోని తిన్నాడు.

చీఫ్ గెస్టు ఎమ్మెల్యే మనిషి రాకపాయ.
నడిమి విరామంలో దస్తగిరికి మేం కంటబడితిమి.
"జపాన్ దేశం నుంచి విచ్చేసిన మోరిశెట్టి గారు!"
గ్రౌండంతా ఈలలు.
రోకలెత్తినట్టు భుజం మీదికి ఎత్తినాడు బ్యాటు.
మద్దిలేటి మెల్లగా విసిరినాడు. తగల్లేదు.
మళ్లా విసిరినాడు. తగల్లేదు.
మూడోది
నూనె మిల్లు రేకుల మీద ఠంగుమనింది.

బ్యాటు విసిరేసినాడు, కీపరు ఎగిరి దుంకినాడు.
విసిరి, కుడిపక్కకు ఉరికినాడు.
"యాడికి సామీ! ఇట్ల! ఇట్ల రా!"
వింటేగదా.
నిమ్మసోడా బండిని ముట్టి మలుపుకున్నాడు,
బౌలరు యెనకాల పట్టపు గుంజను ముట్టినాడు,
స్కోరుబోర్డును ముట్టినాడు, పొట్టేలు ఉలిక్కిపడి అరిచింది.
అప్పటికి పిలకాయలకు తెలిసిపాయ.
యాభై మంది ఆయన యెంట.
తప్పెటోళ్లు అందుకున్నారు,
మోరిశెట్టీ, మోరిశెట్టీ, అని
పాట కాని పాట ఒకటి గ్రౌండు చుట్టూ తిరిగింది.
కడాన నేలమీద పడి జారి
దుమ్ములోంచి చెయ్యి చాపి వికెట్టు ముట్టినాడు.
అంపైరు చెయ్యి ఎత్తబోయి, దించి,
తల గీరుకున్నాడు.

లాడ్జి కాడ దిగినాక గూడా ఆ దుమ్ము దులపలేదు.
మెట్ల మీదనే నిలబడి ఇంటికి ఫోన్ చేసినాడు.
గడగడా చెప్పిన దాంట్లో
నాకు తెలిసిన మాట ఒకటే: ఒగ్గాణి.

నేను ఇల్లు ముట్టేసరికి రెండు దాటింది.
మా పక్క అట్లనే అంటాం,
చేరితివా అనం, ముట్టితివా అంటాం.
ఇన్నేండ్లూ నోటితోనే అన్నాగానీ
ఆ రాత్రి ఎందుకో
చెప్పులు విడవకముందే
వాకిలి చెక్కను అరచేత్తో ముట్టినా.
సల్లగా ఉంది.

"ఎవురు గెలిచిరి?"
లోపల్నుంచి వన్నూరమ్మ.

ఏం చెప్పేది.
పొట్టేలు ఎవురింటికి పాయనో
నేను చూడనే లేదు.